నాలుగేళ్లకే పెద్దరికం

రెండో బిడ్డ పుట్టగానే ఇంటిల్లిపాదీ ఉయ్యాల చుట్టూ చేరతారు. ఆ ఉయ్యాల అంచు పట్టుకుని తొంగిచూసే మొదటి బిడ్డకి మూడేళ్లో, నాలుగేళ్లో ఉంటాయి. ఆ రోజు నుంచీ ఆ బిడ్డ ఇంట్లో అందరికీ 'పెద్దది'.

మన ఇళ్లలో పసిపిల్లల ఎదుగుదలని వంటింట్లో లెక్కగట్టారు. బోర్లా పడితే బొబ్బట్లు. కూర్చుంటే కుడుములు. పాకితే పాలకాయలు. అడుగులేస్తే అరిసెలు. గడప దాటితే గారెలు. పలుకులొస్తే పంచదార చిలకలు. ఊరిని బట్టి, ఇంటిని బట్టి ఈ వరస మారుతుంది. అక్షరం కలిసే వంటకం ఏది దొరికితే అది చేసి ఇరుగుపొరుగుకి పంచిపెడతారు. కిటుకంతా ఆ పంచడంలోనే ఉంది. ఫలానా వాళ్ల బిడ్డకి కాలొచ్చిందని అరిసెల పళ్లెంతో పాటు వీధంతా కబురు వెళ్లేది. మర్నాటి నుంచి నూతి దగ్గరా, మెట్ల దగ్గరా, ఎడ్లబండి దారిలోనూ ఆ బిడ్డ మీద పది కళ్లు కాపలా ఉండేవి.

మొదటి కాన్పు బిడ్డకి ఇవన్నీ వరస తప్పకుండా జరుగుతాయి. బొబ్బట్లు అమ్మమ్మ దగ్గరుండి చేయిస్తుంది. మేనమామ సెలవు పెట్టుకుని వస్తాడు. నెలనెలా కేకు కోసి, దుప్పటి మీద పూలతో అంకె పేర్చి, పక్కన బిడ్డని పడుకోబెట్టి ఫొటో తీసి కుటుంబం గ్రూపులో పెడతారు. రెండో బిడ్డకొచ్చేసరికి బొబ్బట్లు మిఠాయి కొట్టు నుంచి వస్తాయి. 'సంక్రాంతికి ఎలాగూ వండుతాం కదా' అని అరిసెలు వాయిదా పడతాయి. ఐదో నెల ఫొటో ఆరో నెలలో గుర్తొస్తుంది. దీని మీద ప్రతి ఇంట్లో ఓ ఫిర్యాదూ, ఓ నవ్వులాటా ఉంటాయి. నన్నడిగితే రెండోవాడికి పెద్ద లోటేమీ జరగలేదు. చేయి తిరిగిన అమ్మానాన్న దొరికారు. ఆడించడానికి అక్క దొరికింది. తుమ్మితే ఆసుపత్రికి పరిగెత్తే హడావుడి తప్పింది. ఆ ఏడాది ఆ ఇంట్లో అందరికంటే ఎక్కువ మారిపోయింది పెద్దదాని బతుకు. దానికి మాత్రం మన వరసలో ఏ పిండివంటా లేదు.

ఎత్తుకోకూడని బరువు

ఓ రాత్రి అమ్మ హడావుడిగా ఎక్కడికో వెళ్లింది. మూడు నాలుగు రోజులు రాలేదు. వచ్చేటప్పుడు ఒళ్లో ఇంకొకరున్నారు. నాలుగేళ్ల పిల్ల వైపు నుంచి చూస్తే కాన్పు అంటే ఇంతే.

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి 60కి పైగా కాన్పులు ఆపరేషన్లే. దేశంలో అదే ఎక్కువ. ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 42. ఈ అంకెల మీద డాక్టర్లు, అధికారులు వాదించుకుంటూనే ఉన్నారు. ఇంట్లో ఆపరేషన్ ప్రభావం మాత్రం చాలా చిన్న చోట కనిపిస్తుంది. ఆపరేషన్ అయిన తల్లికి ఇంటికి పంపేటప్పుడు చెప్పే జాగ్రత్తల్లో ఒకటి, ఆరు వారాల పాటు పసిబిడ్డని మించిన బరువు ఎత్తొద్దని. వినేవాళ్లు నీళ్ల బిందె గురించి, గ్యాస్ బండ గురించి అనుకుంటారు. ఆ తల్లి రోజూ ఎత్తుకునే బరువు పదిహేను, పదహారు కిలోలది. అది గుమ్మంలో చేతులు చాచి నిలబడి ఉంది.

'అమ్మకి కడుపులో కుట్లున్నాయమ్మా, ఎత్తుకోకూడదు' అని అమ్మమ్మ చెబుతుంది. పిల్లకి కుట్లు కనిపించవు. తమ్ముణ్ణి ఎత్తుకోవడం కనిపిస్తుంది, తనని ఎత్తుకోకపోవడం కనిపిస్తుంది. ఆ ఆరు వారాలూ తల్లి మంచం మీద కూర్చుంటే పక్కన ఎక్కించి ఆనించుకోవచ్చు. పడుకున్నప్పుడు కుట్ల వైపు కాకుండా రెండో వైపు వీపుకి హత్తుకుని పడుకోనివ్వచ్చు. ఎత్తుకోవడమొక్కటే కుదరదు, దగ్గరికి తీసుకోవడానికి అడ్డేమీ లేదు. చాలా ఇళ్లలో మాత్రం కుట్లకి తగులుతుందన్న భయంతో పెద్దదాన్ని ఏకంగా నాయనమ్మ గదిలోకి మార్చేస్తారు. అమ్మ పక్కన పడుకునే చోటు కూడా అదే రోజు పోతుంది.

మరో సంగతి. రెండో కాన్పుకి ముందు నుంచే పిల్లని నాయనమ్మ గదికి, బడికి, సొంత మంచానికి అలవాటు చేస్తే ఆ మార్పు తమ్ముడి ఖాతాలో పడదు. కాన్పు అయిన వారంలోనే బడిలో చేర్పిస్తే మాత్రం 'వీడొచ్చాడు, నన్ను పంపేశారు' అనే లెక్క దానికి సులువుగా కుదిరిపోతుంది.

చూడ్డానికి వచ్చేవాళ్లు

పురుడు తీరే దాకా ఆగి, ఆ తర్వాత చుట్టాలు ఒక్కొక్కరే వస్తారు. బారసాల అనండి, తెలంగాణలో తొట్టెలలో వేయడం అనండి, ఆ రోజైతే ఇల్లు నిండిపోతుంది. గౌను, వెండి మొలతాడు, గిలకలు, పసివాడి గుప్పిట్లో మడతపెట్టిన నోటు. ఇవన్నీ అయ్యాక ఎవరో ఒకరు పెద్దదాని వైపు తిరుగుతారు. తిరిగి ఏమంటారో తెలుగువాళ్లందరికీ తెలుసు.

'ఏమే, మీ తమ్ముణ్ణి మా ఇంటికి తీసుకెళ్లిపోనా?'

'ఇంక అమ్మ నీది కాదు, తమ్ముడిదే. నువ్వు మా ఇంటికొచ్చెయ్.'

'వాడెంత తెల్లగా ఉన్నాడో చూడు, నువ్వేమో నల్లగా...'

పిల్ల మొహం మాడ్చుకుంటే అందరూ నవ్వుతారు. ఏడిస్తే 'అమ్మో, అప్పుడే కుళ్లు' అంటారు. ఇది ముద్దు మాటేనని, ఇందులో చెడ్డ ఉద్దేశం లేదని నాకూ తెలుసు. పెద్దవాళ్లకి పరాచికం అర్థమవుతుంది. నాలుగేళ్ల బిడ్డ మాటని మాటలాగే తీసుకుంటుంది. అమ్మ దూరమైపోతుందేమోనన్న భయం దాని గుండెల్లో ముందే ఉంది. దాన్నే పదిమందిలో పైకి అనేసి నవ్వారు.

ఆ తర్వాత కొన్నాళ్లకి, ఎప్పుడో మానేసిన పక్క తడపడం మళ్లీ మొదలవుతుంది. గ్లాసుతో తాగే పిల్ల సీసా అడుగుతుంది. మాటలు స్పష్టంగా వచ్చిన పిల్ల ముద్దుముద్దుగా మాట్లాడుతుంది. నోట్లో వేలు. 'అన్నం కలిపి పెట్టు, నేను తినను.' పిల్లల డాక్టర్లు దీన్ని మామూలు విషయంగానే చూస్తారు. ఒకటి రెండు నెలల్లో, ఎక్కువ రాద్ధాంతం చేయకపోతే, చాలామందిలో తగ్గిపోతుంది. చిన్నగా ఉన్నందుకే ఆ ఉయ్యాలలో ఉన్నవాడికి అన్నీ దక్కుతున్నాయని గమనించిన పిల్ల, తానూ చిన్నదైపోవాలనుకుంటోంది. తెలివైన లెక్కే. మనం దానికి ఇచ్చే సమాధానం 'సిగ్గు లేదూ, ఇంత పెద్దదానివి!'

ఎంత పెద్దది? పాలపళ్లు ఇరవైలో ఒక్కటీ ఊడని పెద్దది.

కాళ్ల మీద స్నానం

తూర్పుగోదావరిలో నేను చూసిన ఓ ఇంట్లో అమ్మమ్మ పసివాడికి నీళ్లు పోస్తోంది. పెరట్లో తాటాకు దడి పక్కన చిన్న పీట వేసుకుని, చీర మోకాళ్ల పైకి మడిచి, కాళ్లు బారచాపి కూర్చుంది. రెండు పిక్కల మధ్య లోయలో పసివాణ్ణి బోర్లా పడుకోబెట్టింది. వాడి తల ఆమె పాదాల వైపు ఉంది. నువ్వులనూనె అప్పటికే వీపంతా ఇంకిపోయింది. గిన్నెలో సున్నిపిండి. పక్కన రాగి కాగులో వేణ్ణీళ్లు, ఇంకో బకెట్లో చన్నీళ్లు. చెంబులో రెండూ కలిపి ముందు తన మోచేతి లోపలి వైపు పోసుకుని చూసుకుంది. ఎడమ అరచేయి వాడి నుదుటి మీద గొడుగులా పట్టి, ముక్కులోకి చుక్క పోకుండా, వీపు మీద ధారగా పోస్తోంది. వాడు మొదట రాగం తీశాడు. నడుం మీద నీళ్లు పడగానే గొంతు తగ్గింది. తర్వాత కళ్లు మూతలు పడ్డాయి.

పెద్దది అరుగు మీద నిలబడి చూస్తోంది. నాలుగో ఏడు నడుస్తోంది. 'నాక్కూడా అలాగే పొయ్యి' అంది. ఇంట్లో ఎవరో 'ఆ కాళ్లు నీకెక్కడ చాలతాయే, వాటి మీద పట్టవు' అన్నారు. అమ్మమ్మ ఏమీ అనలేదు. పసివాణ్ణి తువ్వాలులో చుట్టి కూతురికి అందించి, సాంబ్రాణి పొగ వేసుకోమని చెప్పి, మళ్లీ కాళ్లు చాపింది. పెద్దది బట్టలు విప్పేసి ఆ కాళ్ల మీద బోర్లా పడుకుంది. మోకాళ్ల దగ్గర్నుంచి దాని కాళ్లు పీట పక్కన నేల మీదికి జారిపోయాయి. గడ్డం అమ్మమ్మ పాదాలు దాటి బయటికొచ్చింది. మిగిలిన సున్నిపిండి దాని వీపుకి రాసి, మిగిలిన నీళ్లు పోసింది అమ్మమ్మ. రెండు చెంబులు పడేసరికి పిల్లకి నడుం నొప్పి పుట్టింది. 'చాలు' అని లేచి, తనే మగ్గుతో పోసుకుంది. మర్నాటి నుంచి చెంబు అందించే పని తనదేనంది. ఆ ఇంట్లో స్నానం గొడవ అక్కడితో సరి.

ఈ స్నానం గురించి డాక్టర్లు చెప్పే జాగ్రత్తలు కొన్నున్నాయి. ముక్కులో, చెవుల్లో నూనె చుక్కలు వేయొద్దంటారు. తల గట్టిగా నొక్కి గుండ్రంగా చేయాలని చూడొద్దంటారు. సాంబ్రాణి పొగ పసివాళ్ల ఊపిరితిత్తులకి పడదంటారు. ఆరు నెలలు నిండే దాకా తల్లిపాలు తప్ప ఉగ్గు, తేనె, వస ఏదీ వద్దంటారు. ఇవన్నీ వినాల్సిన మాటలే. ఏం మానాలో డాక్టరు చెప్పారు. పెద్దదాన్ని కూడా ఓసారి కాళ్ల మీద పడుకోబెట్టుకోమని మాత్రం ఏ ఆసుపత్రి చీటీలోనూ రాసి ఉండదు, అది అమ్మమ్మకే తట్టింది.

అక్కతో పోలిక, తమ్ముడితో పోలిక

రెండో బిడ్డకి ఆరో నెల వచ్చేసరికి పోలికలు మొదలవుతాయి. 'అది పదో నెలకే నడిచేసింది, వీడింకా గోడ పట్టుకునే ఉన్నాడు.' 'దానికి ఏడాదికే మాటలు, వీడు మూగనోము పట్టాడు.' ఇలాంటి మాటలతో రెండు వైపులా నష్టం. చిన్నవాడికి లేని జబ్బు అంటగడతాం. పెద్దది ఎప్పుడో చంటితనంలో గెలిచిన పందేన్ని ఇప్పటికీ మోయాల్సి వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ ఈ విషయం మీద భారత్, ఘనా, నార్వే, ఒమన్, అమెరికా పిల్లల్ని పుట్టిన కొద్ది నెలల నుంచీ గమనించి 2006లో ఫలితాలు వెల్లడించింది. ఆరోగ్యంగా పెరిగే పిల్లల్లో ఆసరా లేకుండా కూర్చోవడం దాదాపు నాలుగో నెల నుంచి తొమ్మిదో నెల దాకా ఎప్పుడైనా రావచ్చు. ఒంటరిగా నడవడం ఎనిమిదో నెల దాటాక మొదలై పదిహేడున్నర నెలల దాకా సాగొచ్చు. అంటే ఒక బిడ్డకి, మరో బిడ్డకి తొమ్మిది నెలల తేడా ఉన్నా ఇద్దరూ బాగున్నట్టే. నూటికి నలుగురు పిల్లలు అసలు చేతులూ మోకాళ్ల మీద పాకనే పాకరు. కూర్చుని జరుగుతారు, లేదా నేరుగా లేచి నిలబడతారు. పాలకాయలు వాళ్ల ఇళ్లలో వండరన్నమాట! పద్దెనిమిది నెలలు నిండినా నడక రాకపోతే, ఒక్క మాటా పలకకపోతే డాక్టరుకి చూపించాలి. పిలిస్తే తిరిగి చూడకపోయినా, వచ్చిన మాటలు, పనులు మళ్లీ పోయినా అప్పటిదాకా ఆగకూడదు. అంతవరకు అక్కని కొలబద్దగా పెట్టుకోవాల్సిన పని లేదు.

పై పళ్లు ముందొస్తే మేనమామకి గండమనే నమ్మకం ఒకటి ఇప్పటికీ ఉంది. పాపం మేనమామలు. పిల్ల నోరు తెరిచినప్పుడల్లా భయపడుతూ బతకాలి.

ఇద్దరు చాలు

అయినా మేనమామలు మాత్రం ఎందరున్నారు? గోడల మీద ఎర్ర త్రికోణం, పక్కన ఇద్దరు పిల్లల బొమ్మ చూసి పెరిగిన తరం ఇప్పుడు తాతలు, అమ్మమ్మలు. 1994 పంచాయతీరాజ్ చట్టంలో ఇద్దరికి మించి పిల్లలుంటే స్థానిక ఎన్నికల్లో పోటీకి పనికిరారని రాశారు. ఆంధ్రప్రదేశ్ శాసనసభ 2024 నవంబరులో ఆ నిబంధన తీసేసింది. అప్పటికే రాష్ట్రంలో ఒక్కో మహిళకి పుట్టే పిల్లల సగటు 1.7కి దిగింది. ఇప్పుడు 'ఇంకొకర్ని కనండి' అనే మాట వేదికల మీద వినిపిస్తోంది. యాభై ఏళ్లలో బండి ఎటు తిరిగిందో చూడండి.

ఆ ఇద్దరు చాలన్న ఇళ్లలో పుట్టినవాళ్లే ఇవాళ్టి అమ్మానాన్నలు. అందుకే చాలామంది పిల్లలకి మేనమామ ఒక్కడే, లేదంటే అసలు లేడు. చెవులు కుట్టించేటప్పుడు ఒళ్లో కూర్చోబెట్టుకోవడానికి వరసకి మేనమామని వెతుక్కొస్తున్నారు. పుట్టువెంట్రుకలకి వేములవాడో, తిరుమలో బయల్దేరినప్పుడు ఆయన సెలవు దొరికే దాకా ముహూర్తం ఆగుతోంది. ఇదివరకు ఇంట్లో ఒక పిన్ని, ఒక అత్త, ఇద్దరు బాబాయిలు ఉండేవారు. రెండో బిడ్డ పుట్టినప్పుడు మొదటి బిడ్డ ఎవరో ఒకరి చంకలో ఉండేది.

పాతకాలం అంతా బంగారమని అనడం లేదు. ఏడుగురు పిల్లల ఇళ్లలో పెద్దాడపిల్ల పదేళ్లకే చెల్లెళ్లని, తమ్ముళ్లని చంకనేసుకుని తిరిగింది. ఆ చంక దిగే దాకా బడికి వెళ్లలేదు. కొందరు అసలు వెళ్లనే లేదు. మన అమ్మమ్మల్లో పెద్దకూతురిగా పుట్టినవాళ్లని అడగండి, చిన్నప్పటి ఆటల గురించి ఎంత తక్కువ చెబుతారో. ఆ చంకే ఇప్పుడు కాస్త రూపం మార్చుకుని అపార్టుమెంటులోకి వచ్చింది. 'తమ్ముడికి ఫోన్లో పాటలు పెట్టు', 'తమ్ముడు లేస్తే చెప్పు', 'డైపరు తీసుకురా', 'నువ్వు అక్కవి కదా, ఇచ్చెయ్'.

చివరి మాట ముఖ్యంగా. మొదట పుట్టింది మగపిల్లాడైతే 'అన్నవి కదా, ఇచ్చెయ్' అనే మాట అంత తరచుగా వినపడదు. మొదట పాప, తర్వాత బాబు పుట్టిన ఇంట్లో చుట్టాలు 'హమ్మయ్య, లెక్క సరిపోయింది' అంటారు. పాప అక్కడే నిలబడి వింటూ ఉంటుంది. తమ్ముడొచ్చే దాకా ఆ ఇంటి లెక్కలో ఏదో తక్కువైందన్న సంగతి దానికి అప్పుడే తెలుస్తుంది.

ఒకే ఖర్చులో రెండు

మూడో ఏటో, ఐదో ఏటో పిల్లలకి అక్షరాభ్యాసం చేస్తాం. గోదావరి ఒడ్డున బాసరలో వసంత పంచమినాడు పలకలతో వచ్చిన తల్లిదండ్రులు బారులు తీరతారు. ముస్లింల ఇళ్లలో నాలుగేళ్ల నాలుగు నెలల నాలుగు రోజులకి బిస్మిల్లా జరపడం ఆనవాయితీ. పాప జీవితంలో ఇది మొదటి సొంత పండుగ. పుట్టినరోజులైతే అందరికీ ఉంటాయి. ఇది మాత్రం తను ఏదో నేర్చుకోవడానికి సిద్ధమైందని చెప్పే పండుగ.

సరిగ్గా ఆ వయసుకే చిన్నవాడి అన్నప్రాశన వస్తుంది. 'ఎలాగూ చుట్టాల్ని పిలుస్తున్నాం, రెండూ ఒకే రోజు పెట్టేద్దాం, భోజనాల ఖర్చు కలిసొస్తుంది' అంటారు. ఖర్చు కలిసొచ్చే మాట నిజమే. ఆ రోజు ఏం జరుగుతుందో చూడండి. ఓ మూల పంతులుగారు పాప చెయ్యి పట్టుకుని పళ్లెంలో బియ్యం మీద దిద్దిస్తుంటారు. ఇంకో మూల పసివాడి ముందు పుస్తకం, కలం, బంగారు గొలుసు, కత్తి, పూలు, నోట్ల కట్ట పరుస్తారు. వాడు దేని మీద చెయ్యేస్తాడా అని ఫోన్లన్నీ అటు తిరుగుతాయి. వాడు నోట్ల కట్ట పట్టుకోగానే హాలంతా చప్పట్లు. పాప రాస్తున్న చెయ్యి ఆపి అటు చూస్తుంది. బియ్యంలో సగం అక్షరం అలాగే ఉండిపోతుంది.

అన్నప్రాశన ఇంట్లో నలుగురితో సరిపెట్టుకోవచ్చు. ఆరు నెలల వాడికి ఎందరొచ్చారో గుర్తుండదు. నాలుగేళ్ల దానికి ఆ రోజు జీవితాంతం గుర్తుంటుంది. భోజనాల ఖర్చు ఒక్కరికే అనుకుంటే దానికే పెట్టాలి.

భోగిపళ్లకి మాత్రం ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టడం మంచిదే. రేగిపళ్లు, చిల్లర, బంతిపూల రేకులు, చెరుకు ముక్కలు ఇద్దరి నెత్తి మీదా ఒకేలా పడతాయి. పెద్దది చిల్లర ఏరుకుంటుంది. చిన్నవాడు రేగిపండు నోట్లో పెట్టుకోబోతే ఎవరో ఒకరు లాగేస్తారు. లాగేయాలి కూడా, ఆ గింజ గొంతుకి అడ్డం పడుతుంది.

ఉదయం ఏడున్నర

పండుగలు ఏడాదికోసారి. మిగతా రోజులన్నీ ఏడున్నరలే. వ్యాను కింద హారను కొడుతోంది. తల్లి పాలిస్తోంది. పెద్దదానికి ఒక సాక్సు దొరకలేదు. ఇడ్లీ రెండు ముక్కలు తిని మిగతాది బుగ్గన పెట్టుకుంది. తండ్రి ఓ చేత్తో టిఫిన్ డబ్బా మూత బిగిస్తూ, ఇంకో చేత్తో ఆఫీసు ఫోను పట్టుకుని 'ఆ, చెప్పండి సార్' అంటున్నాడు. నాయనమ్మ జడ వేస్తుంటే పాప 'అమ్మ వెయ్యాలి' అని మొండికేసింది.

ఈ ఇంట్లో ఎవరి తప్పూ లేదు. చేతులు చాలవు, అంతే. 2017లో సవరించిన ప్రసూతి ప్రయోజనాల చట్టం మొదటి ఇద్దరు పిల్లలకి 26 వారాల సెలవు ఇచ్చింది. యాభై మంది, అంతకు మించి పనిచేసే చోట పిల్లల గది ఉండాలంది. తండ్రి మాటే అందులో లేదు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగికి పదిహేను రోజుల సెలవుంది. ప్రైవేటు ఉద్యోగికి యాజమాన్యం ఎంత ఇస్తే అంత. మొదటి కాన్పు పుట్టింట్లో జరిగి, తల్లీబిడ్డా మూడో నెలలోనో ఐదో నెలలోనో అత్తారింటికి వచ్చే పద్ధతిలో తండ్రికి పెద్దగా పని పడేది కాదు. రెండో కాన్పుకి బడికెళ్లే పెద్దదుంటే పుట్టింటికి వెళ్లడమే కష్టం. అందుకే అమ్మమ్మే పెట్టె సర్దుకుని వస్తోంది. డల్లాస్‌లోనో, న్యూజెర్సీలోనో ఉంటే వీసా మీద ముందు ఆరు నెలలు అమ్మమ్మ తాతయ్య, వాళ్లు తిరిగొచ్చే వారంలో నాయనమ్మ తాతయ్య. విమానాశ్రయంలో వియ్యపురాళ్లు ఎదురుపడి డ్యూటీ అప్పగించుకున్న ఇళ్లు నాకు తెలుసు.

ఈ పరిస్థితిలో తండ్రి చేయగలిగింది ఒకటుంది, చాలామంది తిరగేసి చేస్తున్నారు. 'చిన్నవాణ్ణి నువ్వు చూడు, పెద్దదాన్ని నేను చూస్తా' అని పంచుకుంటారు. పైకి న్యాయంగానే కనిపిస్తుంది. అలా పంచుకుంటే పెద్దదానికి అమ్మ పూర్తిగా పోతుంది. రోజుకి ఓ అరగంట పసివాణ్ణి తండ్రి భుజానేసుకుని కిందికి తీసుకెళ్లి, తల్లిని పెద్దదానికి వదిలేయడం మేలు. ఆ అరగంటలో ఏమీ నేర్పక్కర్లేదు. జడ వేయొచ్చు. ఎత్తుకోవచ్చు, కుట్లు మానిపోయి ఉంటే. కడుపులో ఉన్నప్పుడు నువ్వు కూడా ఇలాగే తన్నేదానివి, నీ ఉయ్యాల కూడా ఇదే, నువ్వు బోర్లా పడ్డ రోజు బొబ్బట్లు ఎవరెవరికి పంచామో తెలుసా అని చెప్పొచ్చు. పిల్లలు తాము చిన్నగా ఉన్నప్పటి కథని వందసార్లయినా వింటారు.

ఆరో ఏట దాని మొదటి పాలపన్ను ఊడుతుంది. పేడలో పెట్టి పెంకుటింటి మీదికి విసరడానికి పేడా లేదు, పెంకులూ లేవు. అపార్టుమెంటు డాబా ఎక్కి విసిరేస్తే ఎదురింటి బాల్కనీలో పడుతుంది. పడనివ్వండి. ఆ రోజు మాత్రం గారెలు వండండి.

రెండో బిడ్డని చూడ్డానికి వెళ్లేవాళ్లకి ఓ మనవి. వెళ్లగానే ఉయ్యాల దగ్గరికి పరిగెత్తకండి. పసివాడు నిద్రపోతూ ఉంటాడు, వాడికి మీరొచ్చినట్టే తెలియదు. ముందు పెద్దదాన్ని పేరు పెట్టి పిలవండి. తెచ్చిన వాటిలో ఒకటి దాని చేతిలో పెట్టండి. 'తమ్ముణ్ణి తీసుకెళ్లిపోనా' అన్న పరాచికం ఈసారికి మానేయండి. 'మీ తమ్ముణ్ణి చూపిస్తావా' అని అడగండి చాలు, మీ చెయ్యి పట్టుకుని అదే తీసుకెళుతుంది.